బొమ్మ పేరిట కుట్టిన బట్టలు

వాకాడు ప్రాంతపు చరిత్ర ఎవరైనా రాయబూనితే దాన్ని రెండు యుగాలుగా విభజించుకోవడం సులువు. మస్తానయ్య రెండు వేళ్ళు వదలడానికి ముందు యుగం ఒకటి, వదిలిన తరువాతి యుగం ఒకటి. తుపానులు వచ్చాయి. తాసీల్దార్లు మారారు. తెల్లవాళ్ళు వెళ్ళిపోయారు, అణాలు పోయి నయాపైసలు వచ్చాయి. ఇంత జరిగినా వీటిలో ఏ ఒక్కటీ జనం ఒంటి మీద అంత స్పష్టంగా కనిపించలేదు. మస్తానయ్య రెండు వేళ్ళు మాత్రం ప్రతివాడి భుజాల మీదా కనిపించేవి.

మస్తానయ్య బజారులో చెంచురామయ్య కొట్టు అరుగు మీద మిషను పెట్టుకొని బట్టలు కుట్టేవాడు. మనిషిని టేపుతో కొలిచి, ఆ కొలతకు గుడ్డ మీద గీత గీసి, ఆ గీత పక్కన కుడిచేతి చూపుడువేలూ నడిమివేలూ జోడించి ఆనించి, అంత మేర ఎక్కువ వదిలి కత్తిరించేవాడు. పిల్లలకైతే "ఎదిగే ఒళ్ళు" అనేవాడు. పడుచువాళ్ళకైతే "ఉతికితే ముడుచుకుంటది" అనేవాడు. ముసలివాళ్ళకు ఈ రెండు కారణాలూ చెల్లవు కనుక "గాలాడాల గదా" అనేవాడు. ఆ విధంగా ఇరవై ఏళ్ళ కాలంలో స్వర్ణముఖికీ సముద్రానికీ నడుమ ఒంటికి సరిపోయిన చొక్కా తొడిగినవాడు లేడు. హైస్కూలువాళ్ళు 1957లో తీయించిన ఫోటో ఒకటి ఉంది. అందులో ఇరవై ఆరుమంది విద్యార్థులు. చేతులు ఉన్నవాడు ఒక్కడే. వాడు గూడూరులో కుట్టించుకున్నాడు.

ఈ ఆచారం ఎందుకు పుట్టిందనే విషయంలో పెద్దలకు ఏకాభిప్రాయం లేదు. గురువు నేర్పిన పాఠమని కొందరు. గుడ్డ మిగిల్చుకున్నాడనే మాట రాకుండా జాగ్రత్తని కొందరు. మస్తానయ్యనే అడిగితే, "బిగువైతే ఇప్పేసి మళ్ళా కుట్టమంటారు. వదులైతే తిట్టుకుంటా తొడుక్కుంటారు" అన్నాడు. ఇంతకంటే లోతుగా ఆయన ఎన్నడూ ఆలోచించినట్టు లేదు.

మనిషి సన్నగా, కాస్త వంగి, ఎప్పుడూ ఏదో వెతుక్కుంటున్నట్టు ఉండేవాడు. వెతుక్కునే మాటా నిజమే. ఉప్పుగాలికి సూదులు తుప్పు పడతాయని నూనె గుడ్డలో చుట్టి ఏ మూలో దాచేవాడు, ఆ మూల మరిచిపోయేవాడు. కాదు అనే మాట ఆయన నోట పలకదు. ఎవరు ఏమడిగినా "అట్నే" అనేవాడు. పొద్దున ఒకడు రేపటికి కావాలంటే అట్నే. మధ్యాహ్నం ఇంకొకడు ముందు నాది కుట్టాలంటే అదీ అట్నే. సాయంత్రం ఇద్దరూ వచ్చి కొట్టుకుంటుంటే మధ్యలో నిలబడి ఇద్దరికీ అట్నే. భార్య పిచ్చమ్మ ఇంట్లో కూర్చొని కాజాలు కుట్టేది, గుండీలు వేసేది. ఒక కూతురు. చిట్టమూరులో కాపురం.

ఇటువంటి మనిషి జీవితంలోకి 1960 దసరాకు పింగాణీ బొమ్మ ఒకటి ప్రవేశించింది.

బొమ్మ పద్మనాభయ్యగారింటిది. ఆయన మాగాణి ఉన్న రైతు. భార్య ఇందిరమ్మ. పెళ్ళయి ఏడేళ్ళు. రెండుసార్లు కడుపు వచ్చి, నెలలు నిండకుండానే పోయింది. రెండోసారి తరువాత మద్రాసులో ఉన్న ఆమె అన్న, ఏం మాట్లాడాలో తెలియక, మూరు మార్కెట్టులో ఈ బొమ్మను కొని తెచ్చి చేతిలో పెట్టి వెళ్ళాడు. మూరెడు పొడుగు. తల, చేతులు, పాదాలు పింగాణీవి, మధ్య ఒళ్ళంతా పొట్టు కూరిన గుడ్డ. పసుపుపచ్చ జుట్టు. నీలం కళ్ళు. పడుకోబెట్టినా అవి మూసుకోవు. దానితో వచ్చిన లేసు గౌనును బొద్దింకలు కొట్టేశాయి. దసరా కొలువులో దాన్ని రాముడి పక్కన పెట్టబోతే ఇందిరమ్మ అత్తగారు వెంకటశేషమ్మ అడ్డుపడింది.

"దొరసానైతే ఏంది, దేవుళ్ళ మధ్యలో దిసమొలగా కూర్చుంటాదా? మస్తానయ్యకు కబురు పెట్టండి."

మస్తానయ్య వచ్చాడు. బొమ్మను బల్ల మీద నిలబెట్టి, మనుషులను కొలిచే మర్యాదతోనే, మెడ, ఛాతీ, నడుము, చెయ్యి కొలిచాడు. ఊపిరి బిగపట్టని, పొట్ట లోపలికి లాగని గిరాకీ ఆయనకు అదే మొదటిది. రెండు రోజుల్లో ఎర్ర పావడా, ఆకుపచ్చ రవిక తెచ్చాడు. ఇందిరమ్మ తొడిగింది. రవిక భుజాల మీది నుంచి జారి నడుము దగ్గర ఆగింది. పావడా ఎక్కడా ఆగలేదు.

వెంకటశేషమ్మ ముక్కు మీద వేలు వేసుకుంది. "ఏందయ్యా ఇది? రెండు వేళ్ళొదిలినావా దీనికి గూడా?"

"ఎదిగే ఒళ్ళు గదా పెద్దమ్మగారూ," అన్నాడు మస్తానయ్య. అలవాటు కొద్దీ నోరు అన్నది గాని మనసు అన్న మాట కాదు.

"ఎదిగేది ఎప్పుడో! అదెదిగే లోపల నేను పోతాను."

ఇందిరమ్మ నవ్వింది. నవ్వు ఆపుకోలేక గోడకు ఆనుకొని, కూర్చొని, కొంగు నోట్లో కుక్కుకొని నవ్వింది. ఆ ఇంట్లో రెండేళ్ళుగా ఆ శబ్దం వినపడలేదు. వెంకటశేషమ్మ కూడా తిట్టడం మాని చూస్తూ ఉండిపోయింది. పావడాకు లోపల మడత వేసి కుట్టి, బొమ్మను రాముడి పక్కన కూర్చోబెట్టారు.

మరుసటి ఏడు, ఎండలు ముదిరాక, ఇందిరమ్మకు మళ్ళీ నాలుగో నెల అని తెలిసింది. ఊరంతటికీ తెలిసింది గాని ఎవరూ పైకి అనలేదు. అది మర్యాద. ఇంకొక మర్యాద కూడా ఉంది. పుట్టబోయే బిడ్డకు ముందుగా ఏదీ కుట్టించకూడదు. గుడ్డ కొనకూడదు, సూది ముట్టించకూడదు. పుట్టాక ముసలమ్మల పాత చీర పీలికల్లోనే చుట్టాలి. పదకొండో నాడు పురుటి స్నానం అయ్యాక గాని కొత్త గుడ్డ మాట ఎత్తకూడదు. సూది బిడ్డ కంటే ముందు పోతే బిడ్డ రాదు. ఇది ఎవరు చెప్పారని అడిగినవాడు లేడు.

ఆ నెలలోనే మస్తానయ్యకు కబురు వచ్చింది. వసారాలో ఇందిరమ్మ బొమ్మను ఒళ్ళో పెట్టుకొని కూర్చొని ఉంది. పక్కన తెల్లటి మల్లుగుడ్డ. లోపల వెంకటశేషమ్మ చింతపండు గింజలు తీస్తూ చెవి ఇటు వేసి ఉంది.

"బొమ్మకు జుబ్బా కుట్టాల మస్తానయ్యా. ముందర తెరిచి ఉండాల. గుండీలొద్దు, గుచ్చుకుంటాయి. తాళ్ళు పెట్టు."

పింగాణీకి గుండీలు గుచ్చుకోవడమేమిటని మస్తానయ్యకు తట్టలేదు. "అట్నే" అన్నాడు.

పది రోజులకు ఇంకొకటి. దాని వెంట టోపీ. ఆ వెనుక ఒకనాడు ఇంకొక జుబ్బా, దానితో పాటు మూడు మూలల గుడ్డ, మూడు మూలలా తాళ్ళు, లోపల మెత్తటి పొర.

"ఇదేందమ్మా?"

"గోచీ."

"బొమ్మకా?"

"బొమ్మకే," అంది ఇందిరమ్మ, ఆయన కళ్ళలోకి చూడకుండా.

మస్తానయ్య అట్నే అన్నాడు. అరుగు దాకా నడిచి వచ్చాడు. మిషను ముందు కూర్చొని గుడ్డ విప్పి, కత్తెర తీసి, అప్పుడు ఆగాడు. పింగాణీ బొమ్మకు ప్రపంచంలో అవసరం లేని వస్త్రం ఏదైనా ఉంటే అది గోచీ. ఇరవై ఏళ్ళు పైబడిన వృత్తి అనుభవం ఆ ఒక్క సత్యాన్ని ఆయన ముందు నిలబెట్టింది. చేతిలో కత్తెర చల్లబడింది.

ఆ చల్లదనానికి వేరే కారణం ఉంది. 1938లో, పెళ్ళయిన రెండో ఏడు, పిచ్చమ్మ కడుపుతో పుట్టింటికి వెళ్ళింది. మస్తానయ్యకు అప్పుడు ఇరవై మూడేళ్ళు. మిషను కొత్త. పని నేర్చుకున్న గర్వం కొత్త. ఎవరి రవికలోనో మిగిలిన పసుపుపచ్చ పట్టు ముక్కతో ఆరు మడతలు పెట్టి చిన్న జుబ్బా కుట్టాడు. ఆరు మడతలూ ఏడాదికొకటి విప్పుకుంటూ పోతే పిల్లవాడు బడికి పోయేదాకా సరిపోతుందని లెక్క. కుట్టి, చంకలో పెట్టుకొని అత్తగారింటికి వెళ్ళాడు. మగబిడ్డ. చచ్చి పుట్టాడు. అత్తగారు ఆ జుబ్బా వంక చూసి, "సూది ముందు నడిచినాక బిడ్డ ఎట్టొస్తాదయ్యా" అంది. మస్తానయ్య ఇంటికి తిరిగి వచ్చి, జుబ్బా కుట్లన్నీ ఒక్కొక్కటిగా విప్పి, గుడ్డను మళ్ళీ గుడ్డ చేసి, ఎవరిదో వాళ్ళకు ఇచ్చేశాడు. తరువాత కూతురు పుట్టినప్పుడు ఆ పిల్లకు ఏడాది నిండేదాకా సూది ముట్టలేదు. ఊరందరి పిల్లలకూ కుట్టిన మనిషి కూతురు ఏడాది పాటు పాత చీరల్లో పెరిగింది. ఆ సంగతి మొగుడూ పెళ్ళాల మధ్య ఇరవై మూడేళ్ళలో ఒక్కసారి కూడా మాటల్లోకి రాలేదు.

ఇప్పుడు ఏం చెయ్యాలి? కుట్టనని చెబితే ఎందుకని అడుగుతుంది, ఆ కారణం కడుపుతో ఉన్న మనిషికి చెప్పేది కాదు. వెంకటశేషమ్మకు చెబితే ఇందిరమ్మ పరువు పోతుంది. గూడూరు పంపితే అక్కడివాడు కుడతాడు, సూది ఎవరిదైతేనేం? మూడు దారులూ చూసి, నాలుగోది తోచక, మస్తానయ్య తన జీవితంలో ఎన్నడూ చెయ్యని సాహసానికి పూనుకున్నాడు. సరిగ్గా కుట్టాలని నిర్ణయించుకున్నాడు.

బొమ్మను అడిగి తెచ్చుకున్నాడు. మిషను బల్ల మీద కూర్చోబెట్టాడు. ఒకసారి కొలిచాడు, మళ్ళీ కొలిచాడు, మూడోసారి కూడా కొలిచాడు. వేళ్ళు వాటంతటవే గీత పక్కకు వెళుతుంటే ఎడమచేత్తో పట్టుకొని వెనక్కి లాక్కున్నాడు. వెంట్రుకవాసి కూడా వదలకుండా కత్తిరించాడు. దారం ఎక్కించే ముందు, వినేవారెవరైనా పైన ఉంటే వాళ్ళకు తెలియాలని, "ఇది బొమ్మకు" అని పైకే అన్నాడు. బొమ్మకు సరిపోయేది బొమ్మ బట్టే అవుతుంది, ఇంకొకరి బట్ట కాజాలదు. వకీలు కూడా కాదనలేని వాదన.

కొట్టులో కూర్చున్న చెంచురామయ్య ఇదంతా చూస్తున్నాడు.

"ఏం మస్తానా, ఎవురితో మాట్లాడుతుండావు?"

"ఎవురితోనూ లేదన్నా."

"బొమ్మతోనే గదా. మాట్లాడు మాట్లాడు. నీకు తగిన గిరాకీ ఇన్నాళ్ళకు దొరికింది. చెప్పిన రోజుకు ఇయ్యకపోయినా తిట్టదు."

జుబ్బా బొమ్మకు అతికినట్టు సరిపోయింది. వాకాడులో అంత సరిపోయిన వస్త్రం అంతకు ముందు లేదు. మస్తానయ్య దాన్ని తీసుకొని ఇందిరమ్మకు ఇచ్చాడు. ఆమె చేతిలోకి తీసుకొని, పిడికిలి లోపల పెట్టి వెడల్పు చూసింది.

"బిగువుగా ఉండాది."

"బొమ్మకు సరిగ్గా ఉండాదమ్మా. తొడిగి చూసినాను."

లోపల గింజలు తీసే చప్పుడు ఆగింది.

"ఎదిగే ఒళ్ళు గదా మస్తానయ్యా," అంది. గొంతు చాలా మెల్లగా ఉంది. "అందరికీ వదులుతావు. దీనికి మాత్రం వదలవా?"

అప్పుడు కళ్ళెత్తి చూసింది. ఆయనకు తెలిసిందని ఆమెకు అర్థమయింది. ఆమెకు అర్థమయిందని ఆయనకు తెలిసింది. చేతులు కట్టుకొని నిలబడ్డ మనిషి కాళ్ళ వంక చూసుకున్నాడు.

"పోయినసారి, అంతకు ముందుసారీ, అందరు చెప్పినట్టే చేసినా," అంది ఇందిరమ్మ. "ఒక్క పోగు కుట్టించలేదు. ఏమొచ్చింది?"

మస్తానయ్య దగ్గర ఉన్నది ఒకటే మాట, అదే అన్నాడు.

"అట్నేమ్మా."

ఆ తరువాత మొత్తం ఏడు జుబ్బాలు, నాలుగు గోచీలు, రెండు టోపీలు కుట్టాడు. అన్నిటికీ రెండు వేళ్ళు వదిలాడు. కుట్టేటప్పుడు బొమ్మ ఎదురుగా ఉండాల్సిందే. ప్రతిదానికీ ముందు "ఇది బొమ్మకు" అనాల్సిందే. ఒకనాడు తాళ్ళు వెయ్యడానికి ఇంటికి తెచ్చి పిచ్చమ్మకు ఇచ్చాడు. ఆమె జుబ్బాను మోకాలి మీద పరిచింది. అరచేత్తో రాసింది.

"ఎవురిది?"

"పద్మనాభయ్యగారింటి బొమ్మది."

"బొమ్మ మెడ ఇంత లావా?"

మస్తానయ్య నూనె గుడ్డలో సూదులు వెతకసాగాడు. పిచ్చమ్మ ఇంకేమీ అడగకుండా తాళ్ళు వేసింది. ఆ రోజు ఆమె వేసిన కుట్లు మామూలుగా వేసేవాటి కంటే చిన్నవి, దగ్గర దగ్గరవి. ఆ సంగతి గమనించినవాడు ఊళ్ళో ఒక్కడే, ఆయన అన్నం తినకుండా లేచాడు.

కార్తీకంలో ఇందిరమ్మకు పాదాలు వాచాయి. కళ్ళు తిరిగాయి. ఇంకా నెల ఉందనగానే పద్మనాభయ్య బాడుగ కారు మాట్లాడి నెల్లూరు మిషనరీ దొరసానమ్మల ఆసుపత్రికి తీసుకొని పోయాడు. బొమ్మా, దాని బట్టలూ ఇక్కడే బీరువాలో ఉండిపోయాయి.

ఒక రోజు కబురు లేదు. రెండో రోజూ లేదు. మస్తానయ్య మిషను ముందు కూర్చొని కరణంగారి కోటుకు రెండు చేతులూ కుడివైపువే కత్తిరించాడు. మూడో రోజు బస్సు వచ్చే వేళకు వెళ్ళి నిలబడ్డాడు. నాలుగో రోజు కూడా. దిగినవాళ్ళను అడగడానికి నోరు రాలేదు. అడిగితే చెబుతారని భయం.

అయిదో రోజు కండక్టరు కబురు తెచ్చాడు. తెచ్చింది ఇంతే: "ఇందిరమ్మగారు బొమ్మను పంపించమన్నారంట. దాని బట్టలతో సహా."

"బిడ్డ?" అంది వెంకటశేషమ్మ.

"అదేం చెప్పలేదమ్మా. ఆసుపత్రి గేటు కాడ ఎవురో చెప్పి పోయినారు. బొమ్మ, బట్టలు, అంతే."

"పురిటికి పోయింది బొమ్మనడగడమేందయ్యా! మతి పోయిందా?" అని వెంకటశేషమ్మ గట్టిగానే అరిచింది గాని, అక్కడే మెట్టు మీద కూలబడింది. బొమ్మను పగలకుండా పట్టుకోవడం తెలిసినవాడు ఊళ్ళో ఒక్కడే కనుక మస్తానయ్యను పంపాలని నిశ్చయమయింది. ఆయనను ఎవరూ అడగలేదు. అడిగితే ఏమనేవాడో అందరికీ తెలుసు.

వాకాడు నుంచి గూడూరుకు, అక్కడ బస్సు మారి నెల్లూరుకు, పూట ప్రయాణం. బొమ్మను దుప్పటిలో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు. బట్టల మూట పక్కన. దారి పొడుగునా ఒకే లెక్క. బిడ్డ పుట్టి ఉంటే బట్టలు కావాలి కాబట్టి అడిగింది. బిడ్డ పోయి ఉంటే బొమ్మ కావాలి కాబట్టి అడిగింది. బట్టల కోసం బొమ్మనడిగిందా, బొమ్మ కోసం బట్టలనడిగిందా? రెండు వాదాలూ సమానంగా ఉన్నాయి. కోట ఊరు దాటాక మొదటిది గెలిచింది. గూడూరు చేరేసరికి రెండోది గెలిచింది. గూడూరులో బస్సు మారినప్పుడు రెండూ లేచి మళ్ళీ మొదలుపెట్టాయి.

పక్కన కూర్చున్న ముసలామె దుప్పటి వంక చూసి జరిగి చోటిచ్చింది. "చంటిబిడ్డా నాయనా? తల్లి యాడ?"

"ఆసుపత్రిలో ఉండాదమ్మా," అన్నాడు మస్తానయ్య. అబద్ధం ఆడాలని కాదు.

"అయ్యో. బలే బుద్ధిమంతురాలు, కిక్కురుమనలేదు చూడు," అని ఆమె దుప్పటి అంచు తొలగించింది. లోపలి నుంచి రెండు నీలం కళ్ళు రెప్ప వెయ్యకుండా చూశాయి. ముసలామె దుప్పటి మళ్ళీ కప్పి, నెల్లూరు దాకా మాట్లాడలేదు.

ఆసుపత్రిలో పొడుగాటి వరండా. నడిమి వయసు నర్సమ్మ ఎదురువచ్చింది. పేరు రెబెక్కమ్మ. మస్తానయ్య వాకాడు పేరు చెప్పి, ఇందిరమ్మ పేరు చెప్పి, ఆపైన అడగాల్సింది అడగలేక నిలబడిపోయాడు.

"మంచం పదకొండు," అంది రెబెక్కమ్మ. "చెప్పులు బయట విడువు. ఏందది? బొమ్మా? ఓ, నువ్వేనా బొమ్మాయన!"

పదకొండో మంచం మీద ఇందిరమ్మ గోడకు ఆనుకొని కూర్చొని ఉంది. ముఖం తెల్లగా పాలిపోయి ఉంది. పద్మనాభయ్య మందులు తేవడానికి బజారుకు పోయి ఉన్నాడు. పక్కన ఏదో కదిలింది. బిడ్డ. ఆడపిల్ల. నెల ముందే వచ్చింది గాని అయిదు పౌన్లుంది. ఏడుస్తూ ఉంది.

మస్తానయ్య బొమ్మను మంచం చివర పెట్టాడు. ఇందిరమ్మ ఆయన చేతుల్లో మూట చూసి నవ్వడానికి ప్రయత్నించింది.

"బిడ్డ బట్టలని కబురు పెడితే మా అత్త పంపేదా? అందుకే బొమ్మనడిగినా. బిడ్డ పుట్టిందని గూడా చెప్పమన్నానే, చెప్పలేదా?"

మస్తానయ్యను దారి పొడుగునా చంపిన కబురు వెనుక ఉన్నది ఇంతే. మస్తానయ్య మూట విప్పబోయాడు. రెబెక్కమ్మ మధ్యలో అందుకుంది. "ఇంటి బట్టలు ఉడకబెట్టకుండా తొడగకూడదు. ఇయ్యి." మూట తీసుకొని పోబోయింది. అప్పుడు ఆయన చూశాడు. బిడ్డ ఒంటి మీద జుబ్బా ఉంది. తెల్లది, కుట్టింది, తాళ్ళు పెట్టింది. కుట్టు వరస వంకరగా ఉంది గాని కొత్తది.

"అమ్మా, అది యాడిది?"

"ఏది? జుబ్బానా? ఆసుపత్రిది. మా బళ్ళో ఆడపిల్లలు కుట్టి పంపుతారు, నెలకు నాలుగు డజన్లు."

"ఎప్పుడు కుట్టింది?"

రెబెక్కమ్మ అంచు తిప్పి గుర్తు చూసింది. "నిరుటి వేసవిది."

మస్తానయ్య వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టాడు. ఆ జుబ్బా కుట్టేనాటికి ఈ బిడ్డ ఇంకా కడుపులో కూడా పడలేదు.

"అవి తొడిగిన బిడ్డలందరూ..." అని ఆగాడు.

"బతికినారా అనా?" రెబెక్కమ్మకు ఆ ప్రశ్న కొత్త కానట్టుంది. "చానామంది బతికినారు. కొందరు లేదు. ఏం నాయనా?"

"ఏం లేదమ్మా," అన్నాడు. చేతులు జోడించి దండం పెట్టాడు. ఎవరికో ఆమెకూ తెలియలేదు. ఇందిరమ్మ బొమ్మను బిడ్డకు అవతలి పక్కన పడుకోబెట్టుకుంది. ఇంటికి చెప్పమని నాలుగు మాటలు చెప్పింది. అన్నిటికీ అట్నే అన్నాడు.

మర్నాడు పొద్దున వాకాడులో దిగి, వెంకటశేషమ్మకు కబురు చెప్పి, ఆమె ఏడుపు చూసి, ఇంటికి వచ్చాడు. పిచ్చమ్మ వాకిట్లో చేపలు తోముతూ ఉంది. ఆయన పక్కనే పీట వేసుకొని కూర్చున్నాడు. బిడ్డ సంగతి చెప్పాడు. ఆసుపత్రి జుబ్బా సంగతి, నాలుగు డజన్ల సంగతి, నిరుటి వేసవి సంగతి చెప్పాడు. ఇంత మాట ఆయన ఒకేసారి మాట్లాడటం ఆ ఇంట్లో అదే మొదలు. చివర ఆగి ఆగి, ఇరవై మూడేళ్ళుగా అననిది అన్నాడు.

"మన వాడికి నేను కుట్టబట్టే పోయినాడనుకున్నా పిచ్చా."

పిచ్చమ్మ చేతిలో చేప అట్లే ఉండిపోయింది.

"ఆ పసుపుపచ్చ జుబ్బా వల్లనా?"

"మీ అమ్మ అనింది గదా."

"మా అమ్మ ఏదో ఒకటి అనాల గదా." పిచ్చమ్మ చేపను నీళ్ళలో వేసింది. "వాడు పేగు మెడకు చుట్టుకొని పుట్టినాడయ్యా. మూడు చుట్లు. ఊపిరాడలా. మంత్రసాని ఆ పొద్దే చెప్పింది. పేగు మెడలో వేసుకొని పుడితే మేనమామకు గండమంటారే, మా అన్నకు తెలిస్తే హడలి చస్తాడని అమ్మ ఎవురికీ చెప్పొద్దని నా చేత ఒట్టేయించింది. అమ్మ పోయేటప్పుడు గూడా అదే మాట. నువ్వడిగితే చెప్పేదాన్నేమో. నువ్వెప్పుడూ అడగలా."

మస్తానయ్య నీళ్ళలో నుంచి ఒక చేపను తీసి తోమడం మొదలుపెట్టాడు.

ఆ మేనమామ పేరు పోలేరయ్య. బోగోలులో సేద్యం చేసుకుంటూ ఉండేవాడు. అప్పటికి ఆయనకు యాభై రెండేళ్ళు. ఎన్నడూ జ్వరమైనా వచ్చి ఎరగడు.